వాటర్ బాటిల్ తలకిందులుగా పెట్టి పడుకున్న వారం

ఎడారికి వెళ్తున్నాం అంటే ఇంట్లో వాళ్ళు ఎండకి జాగ్రత్త, టోపీ పెట్టుకో అన్నారు, నేనేమో ఆ పక్కనే కూర్చుని థర్మల్స్ మీద థర్మల్స్ బ్యాగ్‌లో కుక్కుతున్నా. క్రిస్మస్ సెలవులకి నేనూ మా ఫ్రెండూ స్పితి వెళ్ళొచ్చాం. హిమాచల్‌లో టిబెట్ బోర్డర్ పక్కన ఉంటుంది ఆ లోయ, వాన మేఘాలన్నీ హిమాలయాలకి ఇవతలే ఖాళీ అయిపోతాయి, అందుకే ఎంత ఎత్తు మీద ఉన్నా అది ఎడారే. చలికాలం మనాలి వైపు కుంజుమ్ పాస్ మంచుతో మూసుకుపోతుంది, అందుకని సిమ్లా, కిన్నౌర్ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి.

కిన్నౌర్‌లోని రికాంగ్ పియో నుంచి స్పితిలో పెద్ద ఊరైన కాజా 200 కిలోమీటర్లే కానీ బస్సుకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది, అది దాటామో లేదో పచ్చదనం మాయం, ఇంక కొండలన్నీ మట్టి రంగే. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలని మేం ఒకేసారి కాజాకి ఎక్కేయకుండా కల్పాలో ఒక రాత్రి, టాబోలో రెండు రాత్రులు ఆగాం. ఎవరు వెళ్ళినా ఇలాగే ఆగండి, మాతో బస్సు దిగిన ఒకబ్బాయి నేరుగా పైకి పోయి రెండు రోజులు తల పట్టుకుని మంచం మీదే ఉన్నాడు పాపం.

టాబోలో బౌద్ధ మఠం 996లో కట్టింది. మట్టి గోడలు! లోపల చీకటి, ఫొటోలు తియ్యనివ్వరు, కళ్ళు అలవాటు పడ్డాక గోడల మీద బొమ్మలు ఒక్కొక్కటే బయటపడతాయి. వెయ్యేళ్ళు మట్టి ఎలా నిలబడింది అని అడిగితే అక్కడి లామా ఒకాయన నవ్వి, ఇక్కడ వాన పడదు కదా అన్నాడు. కాసేపాగి, ఈమధ్య పడుతోంది, అదే భయం అన్నాడు.

అసలు కథ కాజా దాటి పైన ఊళ్ళకి వెళ్ళాక మొదలైంది. లాంగ్జా దాదాపు 4,400 మీటర్లు. అక్కడ పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోతాయని చలికాలం ముందే ఖాళీ చేసేస్తారు, హోంస్టే ఆవిడ రోజూ పొద్దున్నే వీపు మీద డబ్బా కట్టుకుని ఎక్కడో ఊట దగ్గర్నుంచి తెచ్చేది. టాయిలెట్ కూడా నీళ్ళు లేని టైపే, మట్టీ బూడిదా పారతో వెయ్యడమే, ఎండాకాలం అదే పొలానికి ఎరువు (మొదటి రోజు ముఖం చిట్లించాను కానీ నిజానికి వాసన ఉండదు). అంత ఎత్తులో నీళ్ళు 85, 86 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే పప్పు గంటలు గంటలు పొయ్యి మీదే. రాత్రి బాటిల్‌ని స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకోవాలి, బయట పెడితే తలకిందులుగా పెట్టాలి, ఎందుకంటే గడ్డ పైనుంచి కడుతుంది, మూత దగ్గర నీళ్ళుగానే ఉంటాయి. ఇది తెలియక మొదటి రాత్రి మామూలుగా పెట్టి, పొద్దున్నే దాహంతో మూత తిప్పుతూ కూర్చున్నా, రాయి.

ఆ రోజే ఊరి పైన పెద్ద బుద్ధుడి విగ్రహం దాటి నడిచాం. పది అడుగులు, ఆగడం, మళ్ళీ పది అడుగులు. నల్లటి రాళ్ళల్లో ఒకటి తీసి చూస్తే లోపల చుట్టలు చుట్టుకున్న గవ్వలాంటి ముద్ర, అమ్మోనైట్ అనే ఎప్పుడో అంతరించిన సముద్ర జీవి శిలాజం, మన సాలగ్రామాలు ఇవే. ఒకప్పుడు ఇదంతా టెథిస్ అనే పాతకాలపు సముద్రం అడుగు, ఇండియా వచ్చి ఆసియాని గుద్దుకుంటే ఇంత పైకి లేచింది. సముద్రం అడుగున నిలబడ్డాం, తాగడానికి గుక్కెడు లేవు అన్నాడు మావాడు, నవ్వడానికి కూడా ఊపిరి సరిపోలేదు నాకు. రాయి తీసిన చోటే పెట్టేశా.

బయల్దేరే రోజు పొద్దున ఆవిడ పొయ్యి మీంచి ఒక మగ్గు వేడినీళ్ళు ఇచ్చి ముఖం కడుక్కోమంది, ఐదు రోజులైంది ముఖానికి నీళ్ళు తగిలి. నేను సగం వాడి మిగతావి తిరిగిచ్చేశా, చాలా త్యాగం చేశాననుకుంటూ. ఆవిడ అసలు నా వైపు చూడనే లేదు, ఆ సగం మగ్గుతో రాత్రి గిన్నెలన్నీ కడిగేసింది.