నేరేడు రంగు

సీసం ఇటుకల వెనకనుంచి వయల్ తీసి చూడగానే గుండె జారింది. పొద్దున దానిమ్మ రసంలా ఎర్రగా ఉన్న బంగారు నానో ద్రావణం కాస్తా నేరేడు పండు రంగుకి తిరిగింది.

అంటే రేణువులన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దలైపోయాయి. 20 నానోమీటర్లవి, విడివిడిగా ఉంటేనే ఆ ఎరుపు. తప్పు నాదే. కణితిని చంపడానికి వాడే రేడియోధార్మిక లోహం లుటీషియం-177, దాన్ని పట్టుకుని బంగారానికి కట్టి ఉంచే అణువు డోటా. ఆ పట్టు గట్టిగా ఉండాలంటే వేడి కావాలి కదా అని బంగారంతో సహా 90 డిగ్రీల్లో పెట్టేశా. ఆ వేడికి, ఆమ్లత్వం మారకుండా ఉంచే బఫర్ ద్రావణంలోని ఉప్పుకి నా బంగారం ఓర్చుకోలేదు. ముందు డోటాకి లుటీషియం ఎక్కించి, తర్వాత బంగారానికి తగిలించాల్సింది. తొందర!

అయినా ఆశ చావక టీఎల్‌సీ స్ట్రిప్ వేశా. ఆ పట్టీ మీద బంగారానికి అతుక్కున్నది కిందే ఉండిపోతుంది, విడిగా ఉన్నది ద్రావకంతో పైకి పాకుతుంది. రేడియోధార్మికతలో చాలా భాగం ద్రావకంతో పాటే పైకి పోయింది. అంటే అసలు అతుక్కోనే లేదు. అలాంటి విడి లుటీషియం ఒంట్లోకి వెళ్తే కణితి దగ్గర ఆగదు, ఎముకల్లో చేరుతుంది. దాని బీటా కణాలు కండలో మహా అయితే 2 మిల్లీమీటర్లు పోతాయి. ఆ 2 మిల్లీమీటర్లు ఎక్కడ అన్నదే మా గొడవంతా.

అమ్మకి ఫోన్‌లో చెబితే "ఎంత బంగారమే పాడుచేశావ్?" అంది కంగారుగా. మిల్లీగ్రాము కూడా ఉండదమ్మా అన్నా. "ఓస్, అంతేనా!" అని, కూర మాడుతోందని పెట్టేసింది.

బంగారం పోతే పోయింది. లుటీషియం మన కోసం ఆగదుగా, 6.65 రోజులకోసారి సగమైపోతుంది.

వయల్ మీద తేదీ రాసి వ్యర్థాల పెట్టెలో పెట్టా. పది అర్ధాయువులు, రెండు నెలల పైమాటే, అక్కడే ఉంటుంది. మూత వేస్తుంటే రేడియేషన్ మీటర్ ఇంకా టకటకలాడుతూనే ఉంది.