గొంతు పెగలని రోజులు

సంచికకు ఏదైనా రాయమని అడగగానే నాకు మొదట గుర్తొచ్చింది హాజరు పట్టీ. ఎనిమిదో తరగతిలో నా నంబరు 23. ఇరవై రెండో నంబరు పిలిచేసరికే అరచేతులకు చెమట పట్టేది. 'ప్రెజెంట్ సార్' అనబోతే 'ప్ర' దగ్గరే నాలుక అతుక్కుపోయేది. చాలా రోజులు పక్కనున్న నేస్తమే నా బదులు పలికాడు. తెలుగు మాస్టారు మాత్రం పట్టుబట్టి నా చేత పద్యాలు చదివించేవారు. ఉత్పలమాల ఎత్తుకుంటే చివరి పాదం దాకా ఎక్కడా తడబడేవాణ్ణి కాదు. మామూలు మాట రానివాడికి పద్యం ఎలా వస్తోందో అప్పుడు తెలియలేదు.

ఎన్నో ఏళ్ల తర్వాత అమెరికన్ నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ గురించి చదువుతుంటే ఆ క్లాసు మొత్తం కళ్లముందుకొచ్చింది. ఆయన ముఖం తెలియకపోయినా గొంతు మీరు వినే ఉంటారు. 'స్టార్ వార్స్'లో విలన్ డార్త్ వేడర్, 'లయన్ కింగ్'లో సింహం రాజు ముఫాసా ఆయన గొంతే.

1931లో మిసిసిపీ రాష్ట్రంలోని ఆర్కబట్లలో పుట్టారు. ఆయన పుట్టిన రోజుల్లోనే తండ్రి వెళ్లిపోయాడు. ఐదేళ్ల వయసులో అమ్మమ్మ, తాతయ్య తమతో మిషిగన్‌లోని పొలానికి తీసుకెళ్లారు. ఊరు మారిన ఆ దెబ్బకు నత్తి పట్టుకుంది. దాదాపు ఎనిమిదేళ్లు బడిలో నోరు విప్పలేదు. చెప్పాల్సింది కాగితం మీద రాసి చూపేవారు. పశువుల దగ్గర మాత్రం మాట్లాడేవారట. ఆ మాట చదివి చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. మా దొడ్లో గేదెతో నేనూ గంటలు గంటలు మాట్లాడేవాణ్ణి.

హైస్కూల్లో డోనల్డ్ క్రౌచ్ అనే మాస్టారికి ఈ కుర్రాడు కవిత్వం రాస్తాడని తెలిసింది. మన పంపర పనసకు చుట్టంలాంటి గ్రేప్‌ఫ్రూట్ మీద జోన్స్ ఒక పద్యం రాశారు. చాలా బాగుందనీ, నిజంగా నువ్వే రాశావని రుజువు కావాలంటే చూడకుండా క్లాసు ముందు అప్పజెప్పమనీ అన్నారు మాస్టారు. కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఎక్కడా ఆగలేదు. కంఠతా వచ్చిన మాటలు, వాటికో లయ ఉంటే నాలుకకు దారి దొరుకుతుంది. నా ఉత్పలమాల రహస్యం కూడా ఇదే!

డాక్టరవుదామని మిషిగన్ యూనివర్సిటీలో చేరి నాటకాల వైపు మళ్లారు. సైన్యంలో పనిచేసి న్యూయార్క్ వచ్చారు. తండ్రి రాబర్ట్ కూడా నటుడే. పెద్దయ్యాక ఆయన్ని కలిసి, కొంతకాలం ఆయన దగ్గరే ఉన్నారు.

1968లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో 'ది గ్రేట్ వైట్ హోప్' నాటకం పేరు తెచ్చిపెట్టింది. నల్లజాతి నుంచి తొలి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ అయిన జాక్ జాన్సన్ జీవితమే దానికి ఆధారం. ఆ పాత్రకు 1969లో నాటకరంగానికిచ్చే టోనీ అవార్డు, సినిమాగా తీసినప్పుడు ఆస్కార్ నామినేషన్ వచ్చాయి. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది 1987 నాటి 'ఫెన్సెస్' నాటకం. చెత్త ఎత్తే కార్మికుడు ట్రాయ్‌ను కొడుకు అడుగుతాడు, నేనంటే నీకెందుకు ఇష్టం లేదని. కూడు పెట్టడం నా బాధ్యత, ఇష్టపడాలని ఎక్కడుందంటాడు తండ్రి. తండ్రి లేకుండా పెరిగిన మనిషి ఆ తండ్రిగా నిలబడ్డాడు. రెండో టోనీ ఆ పాత్రకే. డార్త్ వేడర్ గొంతుకు తెర మీద తన పేరు వద్దన్నారు. మొదటి 'స్టార్ వార్స్'కు ఆయనకు ముట్టింది 7,000 డాలర్లు.

నత్తి పోయిందని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. దాంతోనే పనిచేస్తున్నానన్నారు. 2024 సెప్టెంబరులో 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అంతకు రెండేళ్ల ముందు బ్రాడ్‌వేలోని కోర్ట్ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు. 1958లో అదే వేదిక మీద ఆయనది పనివాడి వేషం. మిసెస్ రూజ్‌వెల్ట్‌కు భోజనం వడ్డించామని చెప్పాలి, అంతే. ఆ 'మిసెస్'లో 'మ' దగ్గర గొంతు పట్టేసింది.

మా మాస్టారు ఉండుంటే ఈ ముక్క ఆయనకే ముందు చదివి వినిపించేవాణ్ణి.