తీర్మానాల పుస్తకంలో ఏముంది?

ఏప్రిల్ నెలాఖరులో మా అమ్మాయి ఇంటికి పోస్టులో ఒక కాగితం వచ్చింది. రెండు వైపులా అంకెలే. "ఏంటమ్మా ఇది?" అని అడిగాను. "బడి బడ్జెట్ అమ్మా. వచ్చే ఏడాది దేనికెంత ఖర్చు పెడతారో, మన ఇంటి పన్ను ఎంత పెరుగుతుందో రాసి పంపారు. మేలో ఓటింగ్" అంది.

బడి బడ్జెట్‌కి ఓటింగ్ ఏమిటో నాకు వెంటనే బోధపడలేదు. విశాఖలో మున్సిపల్ బడుల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన దాన్ని నేను. మా బడికి ఏడాదికి ఎంత డబ్బొస్తుందో టీచర్లలోనే చాలామందికి సరిగ్గా తెలిసేది కాదు.

అమ్మాయి వాళ్లుండేది న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డున. పేరుకి నగరమే గానీ జనాన్నంతా తెచ్చినా మన గాజువాకలో ఒక మూలకి సరిపోరు. అక్కడ బడుల్ని స్కూల్ డిస్ట్రిక్ట్ అని ఒక విడి సంస్థ నడుపుతుంది. మన జిల్లాకీ దానికీ సంబంధం లేదు. ఊరి జనం ఎన్నుకున్న బోర్డు ఉంటుంది, సభ్యులకు జీతం ఉండదు. డబ్బు కొంత రాష్ట్రం ఇస్తుంది, కొంత ఇంటి పన్ను నుంచి వస్తుంది. ఆ రాష్ట్రంలో లక్షా పాతికవేల లోపు జనాభా ఉన్న నగరాల డిస్ట్రిక్టులకు చట్టంలోనే చిన్న నగరాలని ఒక వర్గం ఉంది. 1997 దాకా వీళ్లకి బడ్జెట్ మీద ఓటు లేదు. ఇప్పుడు ఏటా మే నెల మూడో మంగళవారం ఓటేస్తారు. జనం రెండుసార్లు కాదంటే బోర్డు ఆ ఏడాది పన్ను రాబడిని ఒక్క డాలరు కూడా పెంచుకోవడానికి లేదు.

ఓటింగ్‌కి ముందు బహిరంగ సభ పెట్టి తీరాలి. "రా అమ్మా, చూద్దువుగాని" అని నన్నూ తీసుకెళ్లింది. బడి లైబ్రరీలో పెట్టారు. పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలు, నా మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. అందరి చేతిలోనూ బడ్జెట్ కాగితాలు. పాలనకెంత, చదువులకెంత, భవనాలకెంత అని మూడు భాగాలు. మాట్లాడేవాళ్లకి మనిషికి మూడు నిమిషాలు. ఒక పెద్దావిడ లేచి, సంగీతం టీచరు పోస్టు సగానికి ఎందుకు తగ్గించారని అడిగింది. ఆవిడ పిల్లలు చదువు ముగించి ఎన్నేళ్లయిందో! అయినా పేజీ నంబరు చెప్పి మరీ అడిగింది. ఆ డిస్ట్రిక్టు బడులన్నీ నడిపే పెద్ద అధికారి సూపరింటెండెంట్, అదే పేజీ తీసి జవాబు చెప్పాడు. జవాబు ఆవిడకి నచ్చలేదు, ఆ మాటా చెప్పి కూర్చుంది.

అక్కడంతా బాగుందని నేను అనను. ఇళ్ల ఖరీదు ఎక్కువున్న ఊళ్లకి పన్ను దండిగా వస్తుంది, పేదల ఊళ్లకి రాదు. యూటికా, కింగ్‌స్టన్ లాంటి ఎనిమిది చిన్న నగరాల తల్లిదండ్రులు తమ బడులకి చాలినంత ఇవ్వడం లేదని 2008లో రాష్ట్రం మీదే కేసు వేశారు. పైగా పౌరసత్వం లేనివాళ్లకి ఓటు లేదు. మా అమ్మాయి పన్ను కడుతుంది, ఓటు మాత్రం వెయ్యలేదు. అయినా సభకి వెళ్లి కూర్చుంటుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక తల్లి గుర్తొచ్చింది.

మా బడిలో ఆమె కూతురు నాలుగో తరగతి. ఆమె తెల్లారకముందే హార్బర్‌కెళ్లి చేపలు తెచ్చి వీధులు తిరిగి అమ్మేది. స్కూల్ కమిటీలో సభ్యురాలు. ఒకసారి కమిటీ నిర్ణయాలు రాసే తీర్మానాల పుస్తకంలో సంతకాలు కావాలంటే నేనే కబురు పెట్టాను. బుట్ట గేటు దగ్గర దించి వచ్చింది. నేను పేజీ తిప్పి ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాను. వేలిముద్ర వేసి, బొటనవేలికి మిగిలిన ఇంకు తలకి రాసుకుంటూ "ఏటి రాసున్నారు మేడమ్ ఇందులో?" అంది. "ఏం లేదమ్మా, మామూలే" అన్నాను. నిజానికి ఆ పేజీలో పైన తేదీ తప్ప ఇంకేమీ లేదు. తర్వాత రాసుకుందామని ఖాళీ వదిలాం. ఆమె తలూపి వెళ్లిపోయింది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. అందులో 21వ సెక్షన్ ఆమె కోసం రాసిందే. కమిటీలో కనీసం మూడొంతులు, అంటే నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లుండాలి. బడికొచ్చే డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడటం వాళ్ల పని. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు కూడా. ఓటు లేక కాదు మన తల్లులు అడగనిది. అంకె వాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో నేనూ ఉన్నాను.

జూన్‌లో తిరిగొచ్చాను. 12న బడులు తెరిచాక మా పాత బడికి వెళ్లి, కమిటీ తల్లులతో మాట్లాడతానని హెడ్మాస్టరు గారిని అడిగాను. ఆయన కాదనలేదు. శనివారం నాలుగింటికి వరండాలో తొమ్మిది మంది వచ్చారు. నేను సుద్దముక్కతో నేల మీద 50,000 అని రాశాను. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏడాదికి ఇవ్వాల్సిన గ్రాంటు అది. సుద్దలు, రిజిస్టర్లు, కరెంటు, చిన్న చిన్న రిపేర్లు అన్నీ అందులోనే. కనీసం పదో వంతు శుభ్రతకి పెట్టాలి.

"అంటే ఐదు వేలు బాత్రూములకేనా?" అని ఒకామె అడిగింది. అవునన్నాను. "మరి కుళాయి తిప్పితే నీళ్లు రావట్లేదు కదండీ, ఆ ఐదు వేలేవండీ?"

డబ్బు ఇంకా పడలేదేమో, పడితే ఎప్పుడు పడిందో బ్యాంకు పుస్తకంలో చూడాలి అన్నాను. కుళాయి ఎవరు బాగు చేయించాలన్న దగ్గర మళ్లీ చిక్కు. భవనం కార్పొరేషన్‌ది, బడి పర్యవేక్షణ 2022 నుంచి విద్యాశాఖది. ఎవరికి అర్జీ పెట్టాలో నాకే తేలలేదు. చివరికి ఇద్దరికీ పెడదామన్నారు.

అర్జీ అక్కడే రాశాం. నేను చదువుతుంటే ఒక్కో వాక్యం విన్నారు. "పిల్లలు ఇబ్బంది పడుతున్నారు" అని రాస్తే ఒకావిడ ఒప్పుకోలేదు. "ఆడపిల్లలు బాత్రూముకెళ్లాలంటే ఇంటికొచ్చేస్తన్నారని రాయండి మేడమ్" అంది. కొట్టేసి అలాగే రాశాను. తీర్మానాల పుస్తకంలో కూడా అదే వాక్యం ఎక్కించి, పేజీ నిండాక సంతకాలు తీసుకున్నాం. ముగ్గురు వేలిముద్ర వేశారు.

వచ్చే శనివారం బ్యాంకు పుస్తకం తెస్తానని హెడ్మాస్టరు గారు మాటిచ్చారు. ఆ చేపల తల్లి కూతురికి ఇప్పుడు పెళ్లయిందట, మనవడు ఒకటో తరగతిలో చేరాడట. ఇల్లెక్కడో కనుక్కున్నాను. శనివారానికి ఆమెనీ పిలవడానికి రేపు వెళ్తున్నాను.