సాట్‌నావ్ కొన్న శనివారం

ఈ రోజు మొత్తానికి సాట్‌నావ్, అంటే కారులో పెట్టుకుంటే దారి చెప్పే చిన్న యంత్రం, కొనేశాను. ఫోన్‌లో మ్యాప్స్ ఉండగా మళ్లీ ఇంకొకటి దేనికి అని వారం రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. మా ఆయనకి ఫోన్ సరిపోతుంది, నిజమే. ఆయన ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి కారు నడుపుతున్నారు, దారి తప్పితే తర్వాతి రౌండబౌట్ (రోడ్లు కలిసే చోట చుట్టూ తిరిగి వెళ్లే గుండ్రటి కూడలి) దాకా వెళ్లి చుట్టూ తిరిగి వచ్చేస్తారు, మొహంలో ఏ మార్పూ ఉండదు. నాకు లైసెన్స్ వచ్చి నెల కూడా కాలేదు. సోమవారం నుంచి బేసింగ్‌స్టోక్‌ హాస్పిటల్లో కొత్త డ్యూటీ, పొద్దున ఏడింటికల్లా వార్డులో ఉండాలి, అంటే మేముండే రెడింగ్ నుంచి ఏ33 రోడ్డు మీద చీకట్లో నేనొక్కదాన్నే వెళ్లాలి. బేసింగ్‌స్టోక్ పేరు చెబితే ఇక్కడ ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రౌండబౌట్లే, ఊరికి డోనట్ సిటీ అని ముద్దుపేరు కూడా ఉంది. రాత్రి పడుకుంటే కళ్ల ముందు అవే తిరుగుతున్నాయి.

ఫోన్ వద్దనడానికి నాకున్న పెద్ద కారణం భయమే, కానీ ఊరికే వచ్చిన భయం కాదు. ఇక్కడ నడుపుతూ ఫోన్ చేతిలోకి తీసుకుంటే 200 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద తప్పు కింద 6 పాయింట్లు. ఎర్ర లైటు దగ్గర ఆగి ఉన్నా అదే లెక్క. పాతవాళ్లకైతే 6 పాయింట్లతో ఏదో గడిచిపోతుంది కానీ, లైసెన్స్ వచ్చిన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే ఆ లైసెన్సే రద్దవుతుంది, మళ్లీ ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల లైసెన్స్) తీసుకుని థియరీ టెస్టు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. స్టాండులో పెట్టి ముట్టుకోకుండా వాడితే తప్పు లేదు, తెలుసు. కానీ నా ఫోన్ సంగతి నాకు తెలుసు కదా. ఖమ్మంలో అమ్మ పూజ ముగించుకుని వాట్సాప్ వీడియో కాల్ చేసే టైమూ, నేను ఇక్కడ కారెక్కే టైమూ ఒకటే. స్క్రీన్ మీద మ్యాప్ పోయి అమ్మ మొహం వస్తే, అదీ సరిగ్గా రౌండబౌట్‌లోకి దిగేటప్పుడు వస్తే, చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంది. కాల్స్ రాకుండా సెట్టింగ్ పెట్టుకోవచ్చు అన్నారు ఆయన. పెట్టుకోవచ్చు. కానీ ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉందా లేదా అని రోజూ పొద్దున్నే ఇంకో టెన్షన్ నాకెందుకు? దారి చెప్పడం తప్ప ఇంకే పనీ తెలియని వస్తువు ఒకటి కావాలి నాకు.

అలాంటి వస్తువు మీద నమ్మకం నాకు డ్రైవింగ్ టెస్టు రోజే కుదిరింది. 2017 డిసెంబర్ నుంచి ఇక్కడ డ్రైవింగ్ టెస్టులో సాట్‌నావ్ చెప్పినట్టు నడపడం కూడా ఒక భాగం. అందరికీ కాదు, కొందరికి బోర్డులు చూసి నడపమని వస్తుంది. నాకు సాట్‌నావే వచ్చింది. ఎగ్జామినరే దాన్ని తెచ్చి, దారి పెట్టి, డాష్‌బోర్డు మీద ఆనించారు. అది చెప్పినట్టు నడిపిన ఆ కాసేపే నాకు టెస్టు మొత్తంలో ప్రశాంతంగా గడిచింది. పక్కన కూర్చున్న మనిషి ఏమనుకుంటున్నారో అన్న ఆలోచన పోయింది, ఒక గొంతు ముందే చెబుతోంది, నేను వింటున్నాను, అంతే. పైగా అది చెప్పిన మలుపు దాటిపోయినా, పద్ధతిగా నడిపితే తప్పు కింద రాయరు. ఆ మాట ముందే తెలిసి ఉండటం ఎంత మేలు చేసిందో.

మధ్యాహ్నం షాపులో ఐదు, ఆరు, ఏడు అంగుళాలవి వరసగా పెట్టి ఉన్నాయి. ఏడు అంగుళాలది చూడటానికి బాగుంది కానీ మా చిన్న కారు అద్దానికి అది మరీ పెద్దది, డ్రైవర్‌కి రోడ్డు కనబడకుండా ఏదీ అడ్డం ఉండకూడదు కాబట్టి వద్దనుకున్నాను. ఐదు అంగుళాల దానిలో అక్షరాలు కళ్లు చికిలిస్తే గాని కనబడలేదు. ఆరు అంగుళాలది తీసుకున్నాను. కుడి వైపు కింద మూలలో అతికించాం, తల తిప్పకుండా కంటి చివరతో చూసుకోవచ్చు.

షాపతను ట్రాఫిక్ గురించి చాలా చెప్పాడు, పాపం ఓపికగానే. కొన్నిటికి లోపలే సిమ్ ఉంటుందట, కొన్నిటికి ఫోన్‌తో జత చేస్తేనే ట్రాఫిక్ సమాచారం వస్తుందట, ముందు జామ్ ఉంటే వేరే దారికి మళ్లిస్తాయట. అందరూ దీని కోసమే ఎక్కువ డబ్బు పెడతారు. నాకైతే సరిగ్గా అదే వద్దు! జామ్‌లో పది నిమిషాలు ఆగడం నాకు కష్టం కాదు, మొదటి గేరు, బ్రేకు, మొదటి గేరు, అదైనా ఒక ప్రాక్టీసే. నాలుగు నిమిషాలు కలిసొస్తాయని చెప్పి తెలియని పల్లె సందులోకి తిప్పితేనే నాకు చెమటలు పడతాయి. ఇక్కడి పల్లె రోడ్లు చూడాలి, రెండు వైపులా మనిషెత్తు కంచె పొదలు, ఒక్క కారు పట్టేంత వెడల్పు, ఎదురుగా ఏ ట్రాక్టరో వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. అయినా ఆ రోడ్డు మొదట్లో తెల్ల గుండ్రం మీద నల్ల గీత బోర్డు ఉంటే అక్కడ స్పీడ్ లిమిట్ గంటకి 60 మైళ్లు. సాట్‌నావ్‌కి ఆ 60 ఒక్కటే తెలుస్తుంది, అందుకే దాన్ని దగ్గర దారి అనుకుంటుంది. ఇంటికొచ్చాక మొదట చేసిన పని ఏ33 మీద మధ్యలో ఒక చోటుని తప్పకుండా వెళ్లాల్సిన పాయింటుగా పెట్టడం. ఇప్పుడు అది ఎటు తిప్పాలనుకున్నా ముందు అక్కడికే తేవాలి.

నేను డబ్బు పెట్టింది లేన్ చూపించే ఫీచర్ కోసం. షాపులో డెమో వేయించుకుని రెండోసారి కూడా చూశాను. జంక్షన్ దగ్గరపడగానే స్క్రీన్ సగానికి చీలి, ఒక సగంలో లేన్లు వరసగా వస్తాయి, మనం ఉండాల్సిన లేన్ మీద బాణం వెలుగుతుంది. రౌండబౌట్‌లో నా ప్రాణం పోయేది ఎగ్జిట్ దగ్గర కాదు, లోపలికి దిగకముందు ఏ లేన్లో ఉండాలో తేలని ఆ కాసేపే. ఎడమకో నేరుగానో అయితే ఎడమ లేన్, అది దాటి కుడికైతే కుడి లేన్ అని మా ఇన్‌స్ట్రక్టర్ నేర్పించారు, కానీ రోడ్డు మీద గీసిన బాణాలు ఒక్కోచోట వేరేలా ఉంటాయి. ‘రెండో ఎగ్జిట్’ అన్న మాట వినగానే కంగారు పడకుండా ఆ బాణం ఉంటే చాలు.

దూరాలు మీటర్లలో పెట్టుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది, మనం పుట్టి పెరిగింది మీటర్లతోనే కదా. గజాల్లోనే ఉంచేశాను. ఇక్కడ మోటర్‌వే ఎగ్జిట్‌కి ముందు నీలం బోర్డుల మీద మూడు గీతలుంటే 300 గజాలు, రెండుంటే 200, ఒకటుంటే 100. సాట్‌నావ్ 300 గజాలు అన్నప్పుడే కంటికి మూడు గీతలు కనబడితే చెవీ కన్నూ ఒకే మాట చెప్పినట్టు ఉంటుంది, ఆ ధైర్యం వేరు.

మన దగ్గరైతే అద్దం దించి ‘అన్నా, బస్టాండ్ ఎటు?’ అంటే టీ కొట్టు దగ్గర నలుగురు చెబుతారు. ఇక్కడ ఆగడానికే చోటుండదు. అందుకే ఇంత వెతుకులాట.

హాస్పిటల్ పోస్ట్‌కోడ్ కొడితే మెయిన్ గేటుకి తీసుకెళ్తుంది, స్టాఫ్ పార్కింగ్ వెనక వైపు ఉంది. మ్యాప్ మీద వేలితో వెతికి ఆ పార్కింగ్ గేటుని విడిగా సేవ్ చేశాను. రాత్రి స్క్రీన్ వెలుగు తగ్గించాను, గొంతు పెంచాను. రేపు ఆదివారం, రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఒకసారి బేసింగ్‌స్టోక్ దాకా వెళ్లి వద్దాం అన్నారు మా ఆయన. సరే అన్నాను కానీ ఒక మాట తీసుకున్నాను: పక్క సీట్లో కూర్చోవచ్చు, దారి మాత్రం ఆయన చెప్పకూడదు.