బావిలోకి దిగినవాడి మాట

డిస్కొలొస్ అనే పాత గ్రీకు నాటకం చదవడం ఈ రాత్రికి అయిపోయింది. ఆఖరి సీను మాత్రం మింగుడు పడట్లేదు, నిద్ర రావట్లేదు. క్రీ.పూ. 316లో ఏథెన్స్ నాటకాల పోటీలో మొదటి బహుమతి కొట్టిన కామెడీ ఇది. ఆ సీనుకే జనం పగలబడి నవ్వి ఉంటారని తలుచుకుంటే దాన్ని రాసిన మెనాండర్ మీద ఒళ్లు మండుతోంది.

క్నెమోన్ అని ఒక ముసలాయన, ఎవరితోనూ పడదు. పొలంలోకి వచ్చి పలకరించినవాణ్ణి మట్టిగడ్డలతో, రాళ్లతో, అవీ అయిపోతే అడవి బేరికాయలతో కొట్టి తరుముతాడు. పక్కనే ఉన్న పాన్ అనే గ్రీకు దేవుడి గుడికి బలి ఇవ్వడానికి వచ్చినవాళ్లు వంటకి గిన్నె అడిగితే మీద పడతాడు. బావిలో పడిన బొక్కెన, పార తీయడానికి ఇంకో మనిషిని పిలవకుండా తనే దిగబోయి లోపల పడ్డాడు. ఎలాగో బయటికి తీశారు. నడుం కదలట్లేదు, పడుకున్నాడు. అప్పుడు గెటాస్ అనే బానిస, సికోన్ అనే వంటవాడు కలిసి ఆయన్ని మంచంతో సహా బయటికి మోసుకొచ్చి, ఆయన తలుపే దబదబా బాది, గిన్నెలివ్వు, బల్లలివ్వు, తివాచీలివ్వు అని ఏడిపించి, లేచి డాన్స్ చెయ్యమంటారు.

నాకు పెదనాన్న గుర్తొచ్చారు. ఆయన కూడా గడప దాటి లోపలికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. తుంటి విరిగి మంచం పట్టాక ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఆయన మంచం మీదే కూర్చుని, ఆయన రిమోట్ తీసుకుని టీవీ సౌండు పెంచి, ఆయన చూస్తుండగానే ఆ బీరువాలో ఏముందో అనుకుంటూ టీలు తాగారు. అన్నయ్యయితే, "ఇప్పుడు తెలిసొచ్చిందా పెదనాన్నా మనుషుల విలువ?" అని మొహం మీదే అన్నాడు. పెదనాన్న గోడ వైపు తిరగాలనుకున్నారు, తిరగలేకపోయారు. ఒక చెయ్యి మంచం పట్టీ మీద బిగించి అలాగే ఉండిపోయారు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

అయితే ఇంత రాశాక ఇంకో సంగతి తోస్తోంది. సికోన్ గిన్నె అడగడానికి వెళ్లి తన్నులు తిని వచ్చినవాడు. గెటాస్ బానిస, ఎదురు చెప్పే రోజు వాడికి ఇంకెప్పుడొస్తుంది? మెనాండర్ వాళ్లని ఊరికే పెట్టలేదు. ఆ ముందు సీను మళ్లీ చదివాను. బావిలోకి దిగింది గోర్గియాస్, క్నెమోన్ భార్య మొదటి మొగుడి కొడుకు, క్నెమోన్ ఏనాడూ దగ్గరికి రానివ్వని కుర్రాడు. (పైన తాడు పట్టుకున్న సోస్ట్రటోస్, క్నెమోన్ కూతురి మీద మనసు పడ్డ కుర్రాడు, ఆ పిల్లనే చూస్తూ తాడు వదిలేసినంత పని చేశాడు, అది వేరే కథ.) ముసలాణ్ణి పైకి తెచ్చాక గోర్గియాస్ కూడా అన్నయ్య అన్న మాటే అంటాడు: చూశావా, ఒంటరితనం ఎంత చెడ్డదో, ఈ వయసులో పక్కన ఒక మనిషుండాలి అని. క్నెమోన్‌కి కోపం రాలేదు. ఒంటరిగా నెగ్గుకురాగలను అనుకోవడం తప్పేనని ఒప్పుకుని, కుర్రాణ్ణి దత్తత చేసుకుని, ఆస్తీ కూతురి పెళ్లీ వాడికే అప్పగించి, నన్ను మాత్రం నా మానాన బతకనివ్వండి అన్నాడు. బావిలో పడి లేచినా మనిషి అంతకన్నా మారడు, ఆ సంగతి మెనాండర్‌కి బాగా తెలుసు.

అన్నయ్య అన్నదీ, గోర్గియాస్ అన్నదీ ఒకటే మాట. కానీ గోర్గియాస్ ముందు బావిలోకి దిగాడు. పెదనాన్నని ఆసుపత్రికి మోసుకెళ్లింది పక్కింటి డ్రైవర్, అతను ఒక్క మాట కూడా అనలేదు. ఆదివారం అన్నయ్య భోజనానికి వస్తున్నాడు, ఈ బావి సీను చదివి వినిపిస్తాను.