ఒకరీనా, నా ఈల ఊపిరి

"ఒకరీనా నేర్చుకుంటున్నానమ్మా" అని ఫోన్లో చెబితే మా అమ్మ, "ఒకరినా? ఎవర్ని పాపా?" అంది.

"ఎవర్నీ కాదు. ఊదేది."

"బడిలో ఊదేది చాల్లేదా?"

అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో నేను డ్రిల్లు టీచర్ని. 22 ఏళ్లుగా మెడలో ఈల వేలాడుతూనే ఉంది. గ్రౌండు ఆ చివర ఉన్న పిల్ల కూడా ఉలిక్కిపడి ఆగిపోయేలా ఊదడం ఒక్కటే నాకొచ్చిన గాలి విద్య. ఈ సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి నా చేతిలో ఒక నీలం రంగు ప్లాస్టిక్ వస్తువు పెట్టింది. అదే ఒకరీనా అనే వాయిద్యం. గెనుసుగడ్డకు పక్కన మూతి అతికించినట్టుంది. పైన పది రంధ్రాలు, కింద బొటనవేళ్లకు రెండు. "ఫస్ట్‌టైం కదా, మట్టిదైతే పగలగొడతావు" అంది. తల్లి సంగతి పిల్లకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

అక్కడికక్కడే నోట్లో పెట్టుకుని ఊదాను, నాకు అలవాటైన పద్ధతిలో. కీచుమని ఒక అరుపు వచ్చింది. ఎదురింటి గోడ మీది పిల్లి దిగి వెళ్లిపోయింది.

"అమ్మా, ఖోఖో కాదు. వేడి కాఫీ మీద ఊదినట్టు ఊదు."

కాఫీ అన్నాక కొంచెం అర్థమైంది. మూడు నెలలు గడిచినా నా చదువంతా ఆ ఒక్క వాక్యంలోనే తిరుగుతోంది. వేళ్లు వారంలో వచ్చేశాయి, ఊపిరే ఇంకా రాలేదు.

ఎందుకో చెబుతాను. వేణువు చూసినవాళ్లకు తెలుసు, వేళ్లు కదపకుండా గాలి కాస్త గట్టిగా, సన్నగా వదిలితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఒకరీనాలో ఆ పప్పులుడకవు. గట్టిగా ఊదితే స్వరం కొంచెం కొంచెంగా పైకి జారి, చివరికి కీచుమంటుంది, అంతే. వేణువు గొట్టం కాబట్టి లోపలి గాలి పొడవు లెక్క. ఇది కుండ. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుంయ్ మంటుంది చూడండి, ఆ జాతి. ఇందులో ఏ రంధ్రం ఎక్కడుందన్నది కాదు, మొత్తం ఎంత మేర తెరుచుకుందన్నదే స్వరాన్ని నిర్ణయిస్తుంది. నమ్మకం కుదరక, ఇంచుమించు ఒకే సైజున్న రెండు రంధ్రాలు చూసి, ముందు ఎడమ చేతిది ఒక్కటే తెరిచి ఊదాను, తర్వాత కుడి చేతిది. దాదాపు అదే స్వరం! ఖోఖోలో ఎవరు ఔటయ్యారన్నది కాదు, ఎంతమంది ఔటయ్యారన్నదే కదా స్కోరు. అట్లాగే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. నా మెడలో ఈల కూడా ఈ వంశంలోదే. లోపల గదిలాంటి బోలు, గాలిని చీల్చే పదునైన అంచు. ఒకే ఇంటి పిల్లలు, ఒకటి రౌడీ, ఒకటి నెమ్మదస్తురాలు.

ఆ నెమ్మదస్తురాలికి కింది స్వరాల్లో మెల్లని గాలి కావాలి. పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెం పెంచాలి. అన్నిటికీ ఒకే గాలి వదిలితే కిందివి పైకి ఎగబాకుతాయి, పైవి కుంగుతాయి. ఇది చెవికి తెలియడానికి నాకు నెల పట్టింది. అంతవరకు ఫోన్లో ట్యూనర్ యాప్ (స్వరం సరిగ్గా పలికిందో లేదో ముల్లుతో చూపించేది) పెట్టుకుని, మరో చేత పరుగు పందేల స్టాప్‌వాచ్ తిప్పి, ఒక్కో స్వరం పది సెకన్లు ముల్లు కదలకుండా నిలబెట్టే పని చేశాను. మొదట్లో ముల్లు మా బడి గేటులా ఊగేది. మరో చేయి ఖాళీగా ఎక్కడిదంటారా? రెండు చేతులూ కావలసిందే. అందుకే స్టాప్‌వాచ్‌ను మా ఆయన చేతిలో పెట్టాను. పేపరు చదువుకుంటూ "ఏడు... ఎనిమిది... పోయింది" అంటుంటాడు.

చిన్నప్పుడు రెండేళ్లు సంగీతం క్లాసుకు పోయాను కాబట్టి సరళీ వరుసలే పట్టుకున్నాను. పొరపాటు అక్కడే. మనకు సరళి మొదలయ్యేది మాయామాళవగౌళ రాగంలో. నా ఒకరీనా సీ శ్రుతిది. అన్నీ మూసి ఒక్కో వేలు వరుసగా ఎత్తుతూ పోతే వచ్చేది శంకరాభరణం రాగం. మాయామాళవగౌళకు అడుగడుగునా కావలసిన శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం (శంకరాభరణంలోని రి, ద ల కన్నా కాస్త కిందివి) పలికించాలంటే ఒక వేలు ఎత్తి ఇంకో వేలు దించే తికమక. పది రోజులు తంటాలు పడి, "అమ్మా సరస్వతీ, ఏమనుకోకు" అని శంకరాభరణానికి మారాను. పరిధి కూడా చిన్నదే. కింద మంద్ర (కింది స్థాయి) ధైవతం దాకా, పైన తారస్థాయి (పై స్థాయి) మధ్యమం దాకా. సరళికి, జంటకు చాలు. జంట స్వరాలకు మాత్రం నాలుక పని చేయాలి. రెండు సలనూ "తు, తు" అని నాలుకతో విడగొట్టకపోతే ఒకటే పొడుగు స ఔతుంది.

అసలు కష్టం పై రి, గ, మ లు. రి దగ్గర కుడి బొటనవేలు తీయాలి, గ దగ్గర ఎడమది, మ దగ్గర చిటికెన వేలు. అప్పటికి 12 రంధ్రాలూ తెరిచే ఉన్నట్టు. మరి పట్టుకునేదెట్లా? మిద్దె మీద ఒకసారి జారి గచ్చు మీద పడింది. మూల గీసుకుపోయింది, ప్రాణం పోలేదు. ప్లాస్టిక్‌కు జై. ఎడమ బొటనవేలిని పూర్తిగా ఎత్తకుండా మూతి వైపు దొర్లించి ఆనించాలని, కుడి చిటికెన వేలిని తోక దగ్గర ఒంటికే నొక్కి ఉంచాలని తర్వాత తెలిసింది.

ఇంకో అనుభవం చెబితే నవ్వుతారు. ఒక ఆదివారం ఉగ్గాని, బజ్జి, మీద చెనక్కాయల పొడి గట్టిగా తిని, చేయి మాత్రం కడుక్కుని ఊదాను. రెండు నిమిషాల్లో ఒకరీనా గొంతు బొంగురు. గాలి పోయే సన్న సందులో పొడి ఇరుక్కుంది. సన్నని కాగితం ముక్క దూర్చి, ఆ అంచుకు తగలకుండా లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. జనవరి పొద్దుల్లో ఊపిరి తేమకే అట్లా అయ్యేది. ఇప్పుడు ఏప్రిల్‌లో తేమ పోరు లేదు కానీ, మధ్యాహ్నం ట్యూనర్ ముల్లు కుడివైపుకే వాలుతోంది. గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది. అనంతపురం ఎండ సరస్వతిని కూడా వదలదు.

మట్టిదీ ఒకటి కావాలనిపించింది. 1853లో ఇటలీలో బొలోన్యా దగ్గరి బుద్రియోలో జుసెప్పె దొనాతి అనే ఇరవై నిండని కుర్రాడు చేసింది మట్టితోనే కదా. ఒకరీనా అంటే వాళ్ల యాసలో చిన్న బాతు. అతనిది పది రంధ్రాలది, పన్నెండుకు పెంచింది జపాన్‌లో తకాషి అకెతా. మా అమ్మాయికి దీని మీద మోజు మాత్రం 1998లో వచ్చిన ఒక నింటెండో వీడియో గేమ్ వల్ల. నాకు మాత్రం కదిరి తేరులో అమ్మ కొనిచ్చిన మట్టి పిట్ట గుర్తొచ్చింది. తోకలో ఊదితే కూసేది.

అందుకే కుండలు చేసే పెద్దాయన దగ్గరికి పోయి ఫోన్లో బొమ్మ చూపించాను. తిప్పి తిప్పి చూసి, "ఇన్ని బొక్కలా? నీళ్లెట్ల నిలుస్తాయమ్మా?" అన్నాడు. విషయం చెప్పాక గంభీరంగా తలూపాడు. "మట్టి ఆరితే కుంచుకుంటాది, కాలిస్తే ఇంకా కుంచుకుంటాది. నీ బొక్కలు నీకు కావాల్సిన సైజులో ఎట్ల వస్తాయి?" ఒకరీనా శ్రుతి చేసేవాళ్ల తలనొప్పంతా ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. చివరికి రెండు పిట్టలు చేసిస్తానన్నాడు. ఇంకా చేయలేదు.

మొన్న సాయంత్రం ఖోఖో ప్రాక్టీసులో పిల్లలు ఊదమని పట్టుబట్టారు. వాళ్లు ఆడుతుంటే గట్టు మీద కూర్చుని స రి గ మ ప ద ని స దాకా బాగానే పోయాను. అక్కడ ఆపి ఉండాల్సింది. పై మ కీచుమంది. పరిగెడుతున్న తొమ్మిదో తరగతి పిల్ల ఉన్నచోటే ఆగి, "ఫౌలా మేడం?" అంది. కాదని చెప్పేలోపే సగం టీము నీళ్ల కుళాయి దగ్గరికి పోయింది.