వైట్‌నర్ కింద ఏముంది? పాలమూరులో మా అప్రెంటిస్‌షిప్ ప్రయత్నం – నా అనుభవం

నేను మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. టీఎస్‌కేసీ (విద్యార్థులకు ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే కేంద్రం) బాధ్యత కూడా నాకే అప్పగించినప్పుడు నన్ను బాధించిన విషయం ఒకటే. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) మందుల కంపెనీలు వరుసగా ఉన్నా, మా బీఎస్సీ పిల్లల్లో చాలామంది హైదరాబాద్ వెళ్లి బట్టల దుకాణాల్లోనో, పార్శిళ్లు చేరవేసే పనుల్లోనో కుదురుకునేవారు. సెజ్‌లో చేరిన ఆ కొద్దిమందైనా కాంట్రాక్టరు కింద ప్యాకింగ్‌లో కూలికి పనిచేసేవారే తప్ప, చదివిన చదువుతో ల్యాబులో అడుగుపెట్టినవారు అరుదు.

మొదటి ఏడాది మేము చేసిన పని, అందరూ చేసేదే. ఒక కంపెనీతో అవగాహన ఒప్పందం రాసుకున్నాము, శాలువా కప్పాము, ఫోటో దిగాము, ఆ కాగితాన్ని న్యాక్ (కళాశాలలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైలులో భద్రంగా పెట్టాము. ఆ ఒప్పందం వల్ల ఒక్క విద్యార్థి కూడా ఆ కంపెనీ గేటు దాటలేదు. ఎవరు ఎప్పుడు ఏమి చేయాలన్నది అందులో ఎక్కడా రాసి లేదు కనుక తప్పు వాళ్లదని కూడా అనలేను.

రెండో ఏడాది మరో కంపెనీకి వెళ్లేముందు 1961 నాటి అప్రెంటిస్‌ల (పని చేస్తూ నేర్చుకునే శిక్షణార్థుల) చట్టాన్ని, దాని సవరణలను, నియమాలను కూర్చుని చదివాను. ముప్పై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్న నిబంధన నాకు అంతవరకు తెలియదు. దాంతో హెచ్‌ఆర్ మేనేజరు గారిని ఉద్యోగాలు అడగడం మానేసి, వారు ఎటూ తీసుకోవలసిన అప్రెంటిస్‌లను మా దగ్గర నుంచి తీసుకోమని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పంపిన పిల్లలు మూడు నెలలు తిరక్కుండానే మానేస్తున్నారు సార్, ముందు మా క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) ఆయన ఒకసారి మీ ల్యాబు చూస్తారు" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో పనికొచ్చిన మాట అదే.

వచ్చిన క్యూసీ అధికారి మా పరికరాలను పెద్దగా పట్టించుకోలేదు. హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) లేదని నేను సంజాయిషీ చెప్పబోతే, అది నెల రోజుల్లో తామే నేర్పుకుంటామని, పిల్లల ప్రాక్టికల్ రికార్డులు చూపించమని అన్నారు. బోరు నీటి కాఠిన్యాన్ని, బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి ఈడీటీఏ అనే రసాయన ద్రావణాన్ని చేర్చి కొలిచిన ప్రయోగం తీశారు. వరుసగా నాలుగు రికార్డుల్లో మూడేసి రీడింగులూ, నిజంగా కొలిస్తే వచ్చే చిన్న తేడా కూడా లేకుండా, 18.4 మిల్లీలీటర్లే. "మీ బ్యూరెట్లు చాలా బుద్ధిమంతులు సార్" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది, ఎందుకంటే ఆ రికార్డుల మీద ఉన్న సంతకం నాది. తరువాత ఒక అమ్మాయి రికార్డులో వైట్‌నర్ పూసిన చోటును గోటితో గీకి, "దీని కింద ఏముందమ్మా?" అని అడిగారు. "తప్పు రాశాను సార్" అంది. "మాకు ఆ తప్పే కావాలి" అన్నారాయన. మందుల పరిశ్రమలో తప్పు పడిన అంకె మీద, అది చదవడానికి వీలుగా ఒకే ఒక గీత గీసి, సరైన అంకె పక్కన రాసి, కారణం, సంతకం, తేదీ వేయాలని, కాగితం చింపినా వైట్‌నర్ పూసినా తనిఖీకి వచ్చినవారు మొత్తం బ్యాచ్‌నే అనుమానిస్తారని వివరించారు. ఇరవై రెండేళ్లుగా నేను నీట్‌గా రాయండని పిల్లలకు నేర్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

ఆ సెమిస్టరు నుంచి మా ల్యాబులో వైట్‌నర్ నిషేధించాము. పేజీలకు నంబర్లు వేసిన నోటుపుస్తకంలో రీడింగు చూసిన వెంటనే పెన్నుతో రాయాలి. ఆ క్యూసీ అధికారి నెలకు ఒక శనివారం వచ్చి పాఠం చెప్పారు.

కాగితాల పని మాత్రం విసిగించింది. నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో ఒక్కో విద్యార్థిని నమోదు చేస్తుంటే, పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, ఆధార్‌లో పూర్తిగానూ ఉన్నవారంతా ఆగిపోయారు. అప్పటి నిబంధనల ప్రకారం డిగ్రీవారికి కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలు, అందులో సగం కేంద్రానిది. ఆ సగం నేరుగా ఖాతాలో పడాలంటే ఆధార్ అనుసంధానం ఉండాలి కనుక బ్యాంకు చుట్టూ పిల్లలతో పాటు నేనూ తిరిగాను.

తల్లిదండ్రులతో సమావేశం పెడితే ఒక తండ్రి లేచి, "సారూ, ఏడాదైనంక నౌకరి పక్కానేనా?" అని అడిగారు. పక్కా కాదని, చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడే తప్ప కార్మికుడు కాడని, ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టమని ఉన్నదున్నట్టు చెప్పాను. ఇద్దరు పేర్లు వెనక్కి తీసుకున్నారు. అబద్ధం చెప్పి ఉంటే ఆరు నెలల తరువాత ఇరవై మంది నా ఇంటి ముందు నిలబడేవారు. మొదటి షిఫ్టుకు కంపెనీ బస్సు తెల్లవారుజామున జడ్చర్ల చౌరస్తాకు వస్తుంది, ఆ వేళకు ఊళ్ల నుంచి ఆర్టీసీ బస్సు ఉండదు. అందుకని దూరపు పిల్లలను జనరల్ షిఫ్టులో వేయాలని ఈసారి ఒప్పందంలోనే రాయించాము.

తొమ్మిది మంది చేరారు, ఏడుగురు ఏడాది పూర్తి చేశారు, వారిలో నలుగురిని కంపెనీ ట్రెయినీ కెమిస్టులుగా ఉంచుకుంది. వైట్‌నర్ పూసిన ఆ అమ్మాయి ఆ నలుగురిలో ఉంది.

మొన్నటి ప్రాక్టికల్ పరీక్షలకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు మా పిల్లల నోటుపుస్తకాలు చూసి, కొట్టివేతలు ఎక్కువగా ఉన్నాయని రికార్డు మార్కులు కోశారు. ఆయనకు సంగతంతా విడమరిచి చెప్పాను, విన్నారు, మార్కులు మాత్రం మార్చలేదు. రికార్డు మూల్యాంకన పద్ధతిని మార్చమని విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళిక మండలికి లేఖ రాసి ఉంచాను, వచ్చే సమావేశంలో పెడతామన్నారు.